మాస్టర్ ప్లాన్ మారితే మీ భూమికి, మీ ప్రయాణానికి ఏమవుతుంది? (ఎపిసోడ్ పూర్తి పాఠం)

ఇవాళ్టి ఎపిసోడ్‌లో నగరం మాస్టర్ ప్లాన్ గురించి మాట్లాడుకుందాం. ప్లాన్‌ను ఎందుకు తిరగరాస్తారు, ఎలా తిరగరాస్తారు, ఆ పని జరుగుతున్నప్పుడు మనం ఏం చూసుకోవాలి అనేది విషయం. ఉదాహరణగా హైదరాబాద్‌నే తీసుకుంటాను. కానీ విశాఖలో ఉన్నా, వరంగల్‌లో ఉన్నా, తిరుపతిలో ఉన్నా ఇందులో ముప్పావు వంతు మీకూ వర్తిస్తుంది.

మాస్టర్ ప్లాన్ అనగానే "అది ఇంజనీర్ల గొడవ, మనకెందుకు" అనుకుంటాం. అలా అనుకోకండి. శంకర్‌పల్లి వైపు 200 గజాల ప్లాటు కొన్నవాళ్లు, ఇబ్రహీంపట్నం పక్కన మూడెకరాలున్న రైతు, ఉప్పల్ నుంచి గచ్చిబౌలికి రోజూ ఆఫీసుకి వెళ్లే ఉద్యోగి, ఈ ముగ్గురి జీవితాన్నీ తాకే కాగితం అదొక్కటే. ప్లాటు మీద ఇల్లు కట్టుకోవచ్చా లేదా, పొలం రేపు రోడ్డు కింద పోతుందా, ఆఫీసుకి గంట పడుతుందా రెండు గంటలు పడుతుందా అనేవి అందులోనే తేలతాయి.

అసలు ఈ ప్లాన్‌లో ఏముంటుంది?

రెండు భాగాలు ఉంటాయి. మొదటిది భూ వినియోగం. మ్యాప్ మీద ప్రతి సర్వే నంబరుకీ ఒక రంగు వేస్తారు. పసుపు అంటే నివాస ప్రాంతం, నీలం అంటే వాణిజ్యం, ఊదా అంటే పరిశ్రమలు, ఆకుపచ్చ అంటే పార్కులు, ఖాళీ స్థలాలు. ఛాయలు ఒక్కో ప్లాన్‌లో ఒక్కోలా ఉంటాయి కాబట్టి మ్యాప్ పక్కనున్న సూచిక చూడకుండా రంగు నమ్మకండి. ఇవి కాక కన్జర్వేషన్ జోన్ అని ఒకటుంది. దాన్ని ప్రధానంగా వ్యవసాయానికి ఉంచుతారు. అక్కడ మామూలు లేఅవుట్‌కి అనుమతి రాదు.

రెండోది రవాణా. ఏ రోడ్డు ఎన్ని అడుగులు కావాలి, కొత్త రోడ్లు ఎక్కడ, మెట్రో ఎటు, బస్ డిపోలు, లారీల టెర్మినళ్లు ఎక్కడ అనేది. రంగులేమో టౌన్ ప్లానింగ్ వాళ్లు వేస్తారు, రోడ్లు, రైళ్లు ఇంకొకరు చూస్తారు. ఈ రెండూ విడివిడిగా నడిస్తే నగరం ఎలా తయారవుతుందో మనం రోజూ చూస్తూనే ఉన్నాం.

హైదరాబాద్‌కి ఎన్ని ప్లాన్లు?

1908 మూసీ వరదల తర్వాత మోక్షగుండం విశ్వేశ్వరయ్య గారు ఇక్కడికి వచ్చి వరద నియంత్రణ, డ్రైనేజీ పథకాలు ఇచ్చారు. 1912లో సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు ఏర్పడింది. ఉస్మాన్ సాగర్, హిమాయత్ సాగర్ ఆ వరసలో వచ్చినవే. అంటే మన నగరంలో ప్లానింగ్ నీళ్లతో మొదలైంది. ఈ మాట గుర్తుపెట్టుకోండి, మళ్లీ అక్కడికి వస్తాను.

1975లో హుడా వచ్చింది. తర్వాత సైబరాబాద్‌కి ఒక అథారిటీ, శంషాబాద్ విమానాశ్రయం చుట్టుపక్కలకి ఇంకొకటి పెట్టారు. 2008లో వీటన్నిటినీ కలిపి హెచ్‌ఎండీఏ చేశారు. పరిధి 7,000 చదరపు కిలోమీటర్లు దాటింది. 2013 జనవరిలో మెట్రోపాలిటన్ డెవలప్‌మెంట్ ప్లాన్ 2031 నోటిఫై అయింది.

సంస్థలు కలిశాయి గానీ ప్లాన్లు కలవలేదు. నగరం నడిబొడ్డుకి ఒక ప్లాను, పాత హుడా శివార్లకి ఒకటి, సైబరాబాద్‌కి ఒకటి, విమానాశ్రయ ప్రాంతానికి ఒకటి, ఔటర్ రింగ్ రోడ్డుకి రెండు వైపులా కిలోమీటరు చొప్పున గ్రోత్ కారిడార్‌కి ఒకటి, మిగతాదానికి 2013 ప్లాను. ఒకే మహానగరానికి అరడజను ప్లాన్లు అన్నమాట! రెండు ప్లాన్ల హద్దు దగ్గర ఇబ్బంది మొదలవుతుంది. ఒక ప్లాన్‌లో 100 అడుగులున్న రోడ్డు, హద్దు దాటగానే పక్క ప్లాన్‌లో 60 అడుగులైతే ట్రాఫిక్ అక్కడే ఇరుక్కుంటుంది.

ఇప్పుడు ఆ పరిధి కూడా సరిపోలేదు. 2025లో హెచ్‌ఎండీఏ హద్దుల్ని రీజినల్ రింగ్ రోడ్డు దాకా పెంచారు, 10,000 చదరపు కిలోమీటర్లు దాటింది. 2050ని లక్ష్యంగా పెట్టుకుని అంతటికీ కలిపి ఒకే ప్లాన్ చేసే పని నడుస్తోంది. దీనికి తోడు కాంప్రిహెన్సివ్ మొబిలిటీ ప్లాన్, అంటే సమగ్ర రవాణా ప్రణాళిక.

2031 దాకా ఉన్న ప్లాన్‌ని ఇప్పుడే ఎందుకు మార్చాలి?

నన్ను చాలామంది అడిగే ప్రశ్న ఇది. కారణాలు మూడు.

ఒకటి, లెక్కలు పాతవి. ప్లాన్ అనేది జనాభా అంచనా మీద నిలబడుతుంది. మన దగ్గరున్న చివరి జనగణన 2011ది. 2021లో జరగాల్సింది జరగలేదు, 2027లో జరగాలి. నార్సింగి, కొల్లూరు, పోచారం, ఆదిభట్ల 2011లో ఎలా ఉన్నాయో ఒక్కసారి గుర్తు తెచ్చుకోండి. ఆ లెక్కతో ఇవాళ స్కూళ్లు ఎన్ని కావాలో, డ్రైనేజీ పైపు ఎంత లావుండాలో తేల్చలేం.

రెండు, ప్లాన్ కంటే ముందే జనం వెళ్లిపోయారు. దీనికి నిదర్శనం ఎల్‌ఆర్‌ఎస్. 2020లో అనుమతి లేని లేఅవుట్ల క్రమబద్ధీకరణకి దరఖాస్తులు పిలిస్తే, రాష్ట్రం మొత్తం మీద 25 లక్షలకు పైగా వచ్చాయి. ఇన్ని లక్షల మందీ చట్టాన్ని ధిక్కరించాలని ప్లాటు కొనలేదు కదండీ. అనుమతి ఉన్న లేఅవుట్‌లో ధర అందలేదు, అందిన చోట కొనుక్కున్నారు. ప్లాన్ చూపించిన చోటుకి, సామాన్యుడి జేబు తీసుకెళ్లిన చోటుకి మధ్య దూరం ఎంతుందో ఆ అంకె చెబుతోంది.

మూడు, రవాణా మారిపోయింది. 158 కిలోమీటర్ల ఔటర్ పూర్తయింది. మెట్రో మొదటి దశ 69 కిలోమీటర్లు 2017 నుంచి 2020 మధ్య దశలవారీగా మొదలైంది. ఇవి కాగితం మీద ఉన్నప్పుడు వేసిన రంగులు, ఇవి నిజంగా వచ్చాక పెరిగిన నగరానికి సరిపోవు.

భూమికీ ట్రాఫిక్‌కీ లంకె ఎక్కడ?

ఈ ఎపిసోడ్‌లో నేను ముఖ్యంగా చెప్పదలుచుకున్నది ఈ భాగమే. కాస్త నిదానంగా చెబుతాను.

రోడ్డు మీద ట్రాఫిక్ రోడ్డులో పుట్టదు, పక్కనున్న భూమిలో పుడుతుంది. ఒక ఎకరంలో నాలుగు ఇళ్లుంటే పొద్దున్న బయటికొచ్చేది నాలుగైదు బళ్లు. అదే ఎకరంలో 300 ఫ్లాట్ల టవర్ లేస్తే 300 కార్లు, దానికి తోడు స్కూల్ బస్సులు, క్యాబులు, డెలివరీ బళ్లు. రోడ్డు మాత్రం అదే.

రవాణా ప్లానర్లు చేసే పనిలో నాలుగు మెట్లుంటాయి. నగరాన్ని వందల చిన్న ప్రాంతాలుగా విడగొడతారు. ఒక్కో ప్రాంతం నుంచి రోజుకి ఎన్ని ప్రయాణాలు పుడతాయి? అవి ఎక్కడికి వెళతాయి? దేంట్లో వెళతారు: బస్సా, బైకా, మెట్రోనా, నడకా? ఏ దారిన వెళతారు? ఈ నాలుగూ తెలిస్తే ఏ రోడ్డు ఎప్పటికి నిండిపోతుందో అంచనా వస్తుంది. ఇందుకోసమే ఇంటింటికీ వచ్చి "మీ ఇంట్లో ఎవరెవరు ఎక్కడికి, ఎలా వెళతారు" అని సర్వే చేస్తారు. మీ ఇంటికి అలాంటి సర్వే వస్తే విసుక్కోకుండా చెప్పండి. మీ బస్తీ లెక్కలో పడేది అలాగే.

ఇప్పుడు హైదరాబాద్ ప్రత్యేకత చూడండి. చాలా నగరాల్లో స్థలం విస్తీర్ణానికి ఇన్ని రెట్లే కట్టాలి అని ఎఫ్‌ఎస్‌ఐ పరిమితి ఉంటుంది. మన దగ్గర 2006 నుంచి ఆ పరిమితి లేదు. ముందున్న రోడ్డు వెడల్పు, స్థలం సైజు, చుట్టూ వదలాల్సిన ఖాళీ, వీటిని బట్టి ఎత్తు తేలుతుంది. వెడల్పైన రోడ్డు, పెద్ద స్థలం ఉంటే చాలు, అంతస్తులు పెరుగుతూ పోతాయి. దీంతో లాభం ఉంది, ఫ్లాట్ల సరఫరా పెరిగింది. నష్టం ఏంటంటే, ఒక ప్రాంతంలో చివరికి ఎంతమంది ఉంటారో ప్లానర్‌కి ముందుగా చెప్పే సాధనం పోయింది. ఎంతమంది వస్తారో తెలియని చోట నీళ్ల పైపు సైజు, బస్సుల సంఖ్య ఎలా తేలుస్తారు?

కోకాపేట చూడండి. 2023 ఆగస్టు వేలంలో అక్కడ ఎకరం ధర 100 కోట్లు దాటింది. అంత పెట్టి కొన్నవాళ్లు తక్కువ ఎత్తులో కట్టరు కదా. మెట్రో మొదటి దశేమో రాయదుర్గం దగ్గర ఆగింది. భూమి విలువ ముందు వెళ్లిపోయింది, రైలు వెనక ఉండిపోయింది. ఈ మధ్యలో ఉన్న ఖాళీని కార్లు నింపుతున్నాయి.

ఇక్కడ ఒక చిన్న లెక్క. రోడ్డు మీద ఒక వరసలో గంటకి 1,800 కార్లు పోగలవనుకుందాం, కారుకి సగటున ఒకటిన్నర మంది. మొత్తం 2,700 మంది. అదే వరసలో నిమిషానికొక బస్సు, బస్సుకి 50 మంది అనుకోండి. 60 బస్సులతో 3,000 మంది. 1,800 బళ్లు చేసే పనిని 60 బళ్లు చేసేశాయి. అందుకే "రోడ్డు ఎంత వెడల్పు" అనే ప్రశ్న ఒక్కటే సరిపోదు, "రోడ్డులో ఎవరికి ఎంత వాటా" అని కూడా ప్లాన్ చెప్పాలి. ఫుట్‌పాత్ లేని చోట మెట్రో స్టేషన్ కట్టినా, ఇంటి నుంచి స్టేషన్‌కి నడిచే దారి లేక జనం బండి తీస్తారు.

నీళ్ల సంగతి

మొదట నీళ్ల మాట అన్నాను గుర్తుందా? 1996లో జీవో 111 వచ్చింది. రెండు జంట జలాశయాల చుట్టూ 10 కిలోమీటర్ల పరిధిలో, 84 గ్రామాల్లో నిర్మాణాల మీద ఆంక్షలు. 2022లో జీవో 69తో ఆ ఆంక్షల్ని సడలించే నిర్ణయం తీసుకున్నారు.

ఇక్కడ రెండు వైపుల మాటా వినాలి. ఆ గ్రామాల రైతుల వాదన ఏంటంటే: "పక్క ఊళ్లో ఎకరం కోట్లు పలుకుతుంటే పాతికేళ్లకు పైగా మా భూమిని కట్టేశారు, నగరం కోసం మేమే ఎందుకు నష్టపోవాలి?" న్యాయమైన ప్రశ్నే. రెండో వైపు: ఆ భూమంతా కాంక్రీటు అయితే వాన నీరు ఇంకే చోటు తగ్గి, ఆ వేగమంతా జలాశయాలకి, అక్కణ్నుంచి మూసీ పక్క బస్తీలకి వస్తుంది. కొత్త ప్లాన్‌లో అన్నిటికంటే కష్టమైన నిర్ణయం ఇదే అని నా అభిప్రాయం. ఆకుపచ్చ రంగు వేసి చేతులు దులుపుకోవడం కాదు, ఆ రంగు వల్ల నష్టపోయే రైతుకి ఏమిస్తారో అదే కాగితం మీద రాయాలి.

చెరువుల విషయంలో నిబంధనలు స్పష్టంగానే ఉన్నాయి. 10 హెక్టార్లు, ఆపైన ఉన్న చెరువుకి ఎఫ్‌టీఎల్ హద్దు నుంచి 30 మీటర్లు, అంతకంటే చిన్న కుంటలకి 9 మీటర్లు బఫర్ వదలాలి. చిక్కంతా ఎఫ్‌టీఎల్ గీత ఎక్కడుందో తేల్చడంలో. ఆ గీత తేలకుండా అనుమతులిచ్చి, ఇల్లు కట్టాక తేలిస్తే, ఈఎంఐ కట్టే కుటుంబం నెత్తిన పిడుగు పడుతుంది.

ప్లాన్ తయారీలో మెట్లు

ముందుగా ఉపగ్రహ చిత్రాలతో బేస్ మ్యాప్. దాని మీద రెవెన్యూ గ్రామ పటాలు పరిచి సర్వే నంబర్లు సరిపోలుస్తారు. తర్వాత ఇప్పుడు ఏ భూమిలో ఏముందో సర్వే, జనాభా, ఉద్యోగాల అంచనా. ఆ తర్వాత ముసాయిదా ప్రకటన, అభ్యంతరాలు, సవరణలు. చివరికి ప్రభుత్వ ఆమోదం, తుది నోటిఫికేషన్.

బేస్ మ్యాప్ దగ్గర కొంచెం ఆగుదాం. 1:10,000 స్కేలు మ్యాప్ మీద ఒక మిల్లీమీటరు గీత నేల మీద 10 మీటర్లు. 30 అడుగుల వెడల్పు, 60 అడుగుల పొడవుండే 200 గజాల ప్లాటు తీసుకోండి. 30 అడుగులంటే దాదాపు 9 మీటర్లు. అంటే పెన్సిల్ గీత అంత లావులో మీ ప్లాటు వెడల్పు మొత్తం మాయమైపోతుంది! గీత ఒక మిల్లీమీటరు అటు జరిగితే రోడ్డు మీ పక్కింట్లో, ఇటు జరిగితే మీ ఇంట్లో. ముసాయిదా వచ్చినప్పుడు జాగ్రత్తగా చూడమని పదే పదే చెప్పేది అందుకే.

కామారెడ్డి చెప్పిన పాఠం

2022 చివర్లో కామారెడ్డి మున్సిపాలిటీ మాస్టర్ ప్లాన్ ముసాయిదా వచ్చింది. చుట్టుపక్కల గ్రామాల రైతులు తమ సాగు భూముల్ని ఇండస్ట్రియల్ జోన్‌లో చూపించారని రోడ్డెక్కారు. ఆందోళన పెద్దదైంది, విషయం హైకోర్టుదాకా వెళ్లింది. 2023 జనవరిలో మున్సిపల్ కౌన్సిల్ ముసాయిదాను వెనక్కి తీసుకుంటూ తీర్మానం చేసింది. జగిత్యాలలోనూ అదే నెలలో అదే కథ.

రైతు భయం ఏంటి? జోన్ మారినంత మాత్రాన భూమి ఆ రోజే లాగేసుకోరు. సాగు చేసుకోవచ్చు. కానీ రేపు కూతురి పెళ్లికో, వైద్యానికో అరెకరం అమ్మాలంటే, ఇండస్ట్రియల్ జోన్‌లో ఇళ్ల ప్లాట్లకి కొనేవాడు రాడు. రోడ్డు గీత పడిన భూమిని అసలే కొనరు. భూమి చేతిలోనే ఉంటుంది, విలువ మాత్రం పోతుంది. పరిహారం వస్తుందా అంటే, సేకరించినప్పుడే వస్తుంది, గీత గీసినప్పుడు రాదు. ఈ మధ్య కాలం పదేళ్లు కావచ్చు, ఇరవై కావచ్చు.

దారులు లేకపోలేదు. 2013 భూసేకరణ చట్టం కింద మార్కెట్ విలువకి సమానంగా సొలేషియం కలిపి ఇవ్వాలి. టీడీఆర్ బాండు ఇంకో దారి, పోయిన స్థలానికి బదులు వేరే చోట అదనంగా కట్టుకునే హక్కు అది, అమ్ముకోవచ్చు కూడా. మూడోది ల్యాండ్ పూలింగ్. అమరావతిలో జరీబు భూమి ఎకరానికి 1,000 గజాల నివాస స్థలం, 450 గజాల వాణిజ్య స్థలం ఇస్తామన్నారు. ఎకరం అంటే 4,840 గజాలు కదా, మిగిలింది రోడ్లకి, నగరానికి. కాగితం మీద న్యాయంగానే ఉంటుంది, కానీ ప్లాటు చేతికొచ్చి, రోడ్డు పడేదాకా ఏళ్లు గడిస్తే ఆ ఆలస్యం ఖర్చు రైతుదే అవుతుంది. ఏ దారైనా సరే, ముసాయిదాతో పాటే చెప్పాలి.

"గీతే గీయకపోతే గొడవుండదు కదా" అంటారా? అదీ కుదరదు. కిలోమీటరు పొడవున 100 అడుగుల రోడ్డుకి దాదాపు ఏడున్నర ఎకరాలు కావాలి. ఎకరం కోటి ఉన్నప్పుడు తీసుకుంటే ఏడున్నర కోట్లు. ఊరు పెరిగి ఎకరం 20 కోట్లయ్యాక తీసుకుంటే 150 కోట్లు, దాని మీద సొలేషియం. అప్పుడు డబ్బుల్లేవంటారు, రోడ్డు రాదు, ఫ్లైఓవర్ కడతారు. బెంగళూరు చూడండి. 2007లో ఆమోదించిన 2015 ప్లాన్ తర్వాత, 2031 ప్లాన్ ముసాయిదా 2017లో వచ్చింది. దాన్నీ వెనక్కి తీసుకున్నారు. గడువు తీరిన ప్లాన్‌తో నగరం పెరుగుతూ పోయింది. ప్లాన్ ఆలస్యమైతే నగరం ఆగదు, అడ్డదిడ్డంగా పెరుగుతుంది, అంతే.

మరి మనం ఏం చేయాలి?

కొనబోయేవాళ్లకి: బ్రోచర్ చూసి కాదు, సర్వే నంబరు, గ్రామం పేరుతో ల్యాండ్ యూజ్ సర్టిఫికెట్ తీసుకుని చూడండి. ఇంకో ముఖ్యమైన మాట. నాలా కన్వర్షన్ అయింది సార్, ఇబ్బంది లేదు అని మధ్యవర్తులు చెబుతారు. నాలా అనేది రెవెన్యూ రికార్డులో వ్యవసాయ భూమిని వ్యవసాయేతరంగా మార్చడం. మాస్టర్ ప్లాన్ జోన్ అది మార్చదు. జోన్ మారాలంటే ల్యాండ్ యూజ్ మార్పుకి వేరే దరఖాస్తు, ప్రజాభిప్రాయ నోటీసు, ప్రభుత్వ ఉత్తర్వు ఉండాలి.

ఉన్నవాళ్లకి: ముసాయిదా వచ్చిన వారంలోనే మీ సర్వే నంబరు వెతకండి. జోన్ ఏంటి, రోడ్డు గీత ఉందా, చెరువు బఫర్ ఉందా చూడండి. పొరపాటుంటే రాతపూర్వకంగా ఇవ్వండి, రసీదు తీసుకోండి. "మాకు అన్యాయం జరిగింది" అని ఒక్క లైను రాస్తే లాభం లేదు. సర్వే నంబరు, విస్తీర్ణం, పట్టా కాపీ, పాత ప్లాన్‌లో ఏముంది, కొత్తదాంట్లో ఏం మారింది, దానికి బదులు మీరు అడిగేదేంటి, ఇవన్నీ ఉండాలి. ఊరంతా కలిసి ఇస్తే మరీ మంచిది. ఎందుకంటే మీ పొలంలోంచి గీత తీస్తే అది పక్కవాడి పొలంలో పడుతుంది, ఆ సంగతి ముందే ఊళ్లో మాట్లాడుకోవాలి.

భూమి లేనివాళ్లకి, అద్దె ఇళ్లలో ఉండేవాళ్లకి కూడా: అభ్యంతరాలు, సలహాలు ఇవ్వాలంటే పట్టా ఉండక్కర్లేదు. మా బస్తీకి బస్సు రాదు, పిల్లలకి ఆట స్థలం లేదు, స్టేషన్‌కి ఫుట్‌పాత్ లేదు అని రాయండి. ఇప్పటిదాకా ఈ ప్రక్రియలో భూమి ఉన్నవాళ్ల గొంతే వినబడింది. రోజూ బస్సులో నిలబడి వెళ్లేవాళ్ల గొంతు కూడా పడాలి.

ఇక కొత్త ప్లాన్ చేతికి వచ్చినప్పుడు నేను వెతికేది నాలుగు ప్రశ్నలకి సమాధానం. ఉద్యోగాలన్నీ పడమరనే ఉంచుతారా, తూర్పు, ఉత్తరాలకి కూడా తీసుకెళతారా? జనం వెళ్లకముందే బస్సు, రైలు వెళుతుందా? ప్రతి రోడ్డు పక్కన ఎప్పటికి, ఎవరి డబ్బుతో అని రాసుందా? అయిదేళ్లకొకసారి సరిచూసుకునే ఏర్పాటు ఉందా? ఈ నాలుగింటికీ జవాబు ఉంటే అది ప్లాను. లేకపోతే రంగుల పటం మాత్రమే.

మీ ఊరి ప్లాన్ ఒకసారి తెరిచి చూడండి. ఇంట్లో పెద్దవాళ్లకి మ్యాప్ చదవడం రాకపోతే పక్కన కూర్చుని చూపించండి. వచ్చే ఎపిసోడ్‌లో టీడీఆర్ బాండు గురించి వివరంగా మాట్లాడుకుందాం.